ఇంటూ ఉన్న చోటల్లా

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు. ఉన్న ఇంటిని బాగుచేయించి చూడమని మాత్రం పెద్దలెవరూ అనలేదు. అది చూసినవాళ్ళకు తర్వాత సామెత చెప్పే ఓపిక మిగలదు, అంతే కారణం. ఈ సంగతి కళ్ళజోళ్ళాయన స్వానుభవం మీద తేల్చుకున్నాడు.

వీధి మలుపులో చిన్న కళ్ళజోళ్ళ షాపు అతనిది. చుట్టుపక్కలవాళ్ళకు అతని పేరుతో పనిలేదు, కళ్ళజోళ్ళాయన అంటే చాలు. ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా అని అడిగి అడిగి, వెంట్రుకవాసి తేడా రాకుండా ఎదుటివాళ్ళ చూపు తేల్చడం అతని వృత్తి. లోకంలో పనులన్నీ అలాగే జరగాలని అతని పట్టుదల. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. ఆ కుందేలు ఇంటి పనిలో అడుగుపెట్టాక ఎన్ని కాళ్ళున్నాయో లెక్క తెలియకుండా పోయింది.

వానలకు ముందే అయిపోతుందన్న పని, వానలు వచ్చి వెళ్ళిపోయినా అవలేదు. పడకగదుల్లో నేల తవ్వేశారు. పడకగదిలోని బాత్రూం పగలగొట్టేశారు. సంసారం మొత్తం హాల్లోకి వచ్చి పడింది. పరుపు తలవైపు ఫ్రిజ్జు, కాళ్ళవైపు బట్టల మూటలు, కిటికీ పక్కన బల్ల మీద గ్యాసు పొయ్యి, ప్లాస్టిక్ పట్టా కప్పుకున్న టీవీ. మధ్యలో ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి. పొద్దున్నే పాలగ్లాసు మీద తేలేది మీగడో సిమెంటో నాలిక మీద పడితే గానీ తెలిసేది కాదు. షాపులో రోజంతా అద్దాలు తుడిచి, ఇంటికొచ్చి మళ్ళీ తన కళ్ళజోడు తుడుచుకోవడమే అతనికి మిగిలిన కాలక్షేపం.

పనివాళ్ళందరిలో అతని తలప్రాణం తోకకు తెచ్చినవాడు కరెంటు మేస్త్రి. పాత వైర్లన్నీ తీసేసి, గోడల్లో గాడి కొట్టి, లోపలి నుంచి కొత్త వైర్లు లాగాలి. మనిషి చెడ్డవాడు కాదు. వస్తాడు, నవ్వుతాడు, ఏ పని అడిగినా ఒకే జవాబు చెబుతాడు.

"అయిపోయినట్టే సార్."

అయిపోయిందని ఎప్పుడూ అనడు. అయిపోయినట్టే. ఆ మాట ఇంట్లో ఎంతగా పాతుకుపోయిందంటే, పాలు తాగావా అని అడిగితే నిండుగ్లాసు ముందు పెట్టుకుని పిడుగు కూడా "అయిపోయినట్టే" అనేది.

పిడుగంటే నాలుగేళ్ళ కూతురు. పుట్టిన పూట ఆస్పత్రి వార్డంతా అదిరిపోయేలా ఏడ్చిందని తల్లి పెట్టుకున్న పేరు. అసలు పేరు బడివాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

కరెంటు మేస్త్రికి ఇంకో గుణం ఉంది, ఫోను. షాపులో కళ్ళజోళ్ళాయన ఒక ముసలావిడ కళ్ళకు అద్దాలు తగిలించి, "ఇప్పుడు కింది వరుస కనిపిస్తోందా అమ్మా" అని అడుగుతుండగా ఫోను మోగేది. "సార్, ఫ్యాను రెగ్యులేటరు తలుపుకు ఇటా అటా?" పెట్టేశాక మళ్ళీ. "సార్, ఇటు అన్నారా అటు అన్నారా?" అలా కాదని నాలుగు చీవాట్లు పెడితే, ఈసారి అడక్కుండా సొంత బుర్ర ఉపయోగించి వంటింటి బోర్డును మూరెడు పక్కకు జరిపేశాడు. అక్కడ అలమర రావాలి. కళ్ళజోళ్ళాయన ఆ రోజు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. కొట్టిన గోడ పూడ్పించి, మళ్ళీ కొట్టించాడు.

"ఇదిగో చూడు. రేపు ఆదివారం నేనే అన్ని గోడల మీద ఎర్ర రంగుతో ఇంటూ మార్కులు పెడతాను. సోమవారం వచ్చి ఇంటూ ఉన్న చోటల్లా కొట్టు. లేని చోట ఉలి ఆనించకు. నాకు ఫోను చెయ్యకు. నీ బుర్ర అసలే వాడకు. అర్థమైందా?"

"అయిపోయినట్టే సార్," అన్నాడు కరెంటు మేస్త్రి.

ఇదంతా ఒక ఎత్తు. ఇంట్లో అసలు బాధ వేరే ఉంది. పిడుగు మళ్ళీ పక్క తడుపుతోంది.

ఏడాది కిందటే మానేసిన అలవాటు. పని మొదలయ్యాక తిరిగొచ్చింది. తల్లి నర్సు. ఆ నెలంతా ఆమెకు నైట్ డ్యూటీ. సాయంత్రం వెళ్ళి పొద్దున వస్తుంది. పగలు ఈ సుత్తుల మోతలో కన్ను మూయలేక, పక్క వీధిలో ఉన్న పుట్టింటికి వెళ్ళి పడుకుంటుంది. పిడుగు కూడా బడి నుంచి నేరుగా అమ్మమ్మ దగ్గరకే వెళ్ళి సాయంత్రం ఇల్లు చేరుతుంది. కాబట్టి రాత్రిళ్ళు తండ్రీ కూతుళ్ళే. ఫ్రిజ్జు రొద పక్కన, మూటల మధ్య.

అతను పగలంతా నిలబడి, సాయంత్రం మేస్త్రులతో పోట్లాడి, పడుకున్నాడంటే రాయే. పిడుగు లేచి భుజం కుదిపేది.

"నాన్నా, ఒకటికి."

"పెద్దదానివయ్యావుగా తల్లీ. లైటు వేసుకుని వెళ్ళిరా," అని అటు తిరిగేవాడు. పొద్దున చూస్తే పరుపు తడి.

ఆ పరుపును ఆరబెట్టడం ఇంకో యజ్ఞం. బాల్కనీలో వేస్తే ఎండ కంటే ముందు సిమెంటు దుమ్ము వచ్చి కూర్చునేది. తడి పరుపు మీద సిమెంటు, గోరుచుట్టు మీద రోకటిపోటు. సాయంత్రానికి అది అట్టలా బిగుసుకునేది.

దానికి తోడు పిల్లకు ఏ మాట చెప్పినా ఏడుపే. తన నీలం స్టూలు కావాలంటుంది. ఆ స్టూలెక్కే అది పళ్ళు తోముకునేది, కిటికీలోంచి వీధి చూసేది, స్విచ్చులు నొక్కేది, అమ్మ జడ వేసేటప్పుడు దాని మీదే కూర్చునేది. పని మొదలైన వారంలోనే తాపీ మేస్త్రి దాన్ని తీసుకెళ్ళి సిమెంటు బొచ్చెకు పీట చేసుకున్నాడు.

"నా స్టూలు, నా స్టూలు," అని చెవిలో జోరీగలా ఒకటే పోరు.

"స్టూలే కదమ్మా. ఇల్లయ్యాక కొత్తది కొంటాను," అన్నాడు తండ్రి. ఇల్లయ్యాక పార్కుకు వెళ్దాం. ఇల్లయ్యాక కథ చెప్తాను. ఇల్లయ్యాక నీ బొమ్మలన్నీ మూటలోంచి తీస్తాను. ఇల్లు మాత్రం అయిపోయినట్టేగా ఉండేది గానీ, అయ్యేది కాదు.

శనివారం పొద్దున డ్యూటీ నుంచి వచ్చిన భార్య బాల్కనీలో పరుపు చూసి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడిపోయింది.

"మళ్ళీనా?"

"మళ్ళీనే. నీ కూతురు నా మీద పగబట్టింది."

"నాలుగేళ్ళ పిల్లకు పగేమిటండీ? రాత్రి లేవలేదా అది?"

"లేస్తుంది. వెళ్ళమని చెప్తూనే ఉన్నాను. వెళ్ళదు. బద్ధకం. ఇన్నాళ్ళూ వెళ్ళిందిగా, ఇప్పుడేమొచ్చింది?"

ఆమె బ్యాగు కింద పెట్టింది. రాత్రంతా మేలుకున్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమోనండీ. ఇల్లు బాగుపడేలోపు పిల్ల పాడైపోయేట్టుంది."

"అంటే ఏమిటి, నేనేం చేశాను? నన్నంటావేం?"

"మీరేమీ చెయ్యలేదు. నేను అంటున్నదీ అదే."

ఆ మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది. భార్యను ఏమీ అనలేడు, ఆమె నిలబడే నిద్రపోయేలా ఉంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు కూతురి వైపు తిరిగాడు. పిడుగు అప్పుడే మూటల మధ్య నుంచి బొమ్మను లాగుతోంది.

"ఇదే చెప్తున్నా. ఇంకోసారి పక్క తడిపావంటే, పరుపుతో పాటు నిన్ను కూడా బాల్కనీలో ఆరేస్తాను!"

మామూలుగా అయితే పిడుగు ఒక మాటకు పది మాటలు అప్పజెప్పే రకం. ఆ రోజు మాత్రం బొమ్మను వదిలేసి ఫ్రిజ్జు పక్కన సందులోకి వెళ్ళి కూర్చుంది. అన్నానికి పిలిచినా గబుక్కున రాలేదు. భార్య అతని వైపు ఒక చూపు చూసింది. అతను కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఆదివారం పొద్దున్నే మార్కింగు పని పెట్టుకున్నాడు. టేపు ఉంది, కొలత తెలుసు, తీరా రంగు పెన్సిలు లేదు. ఎక్కడ పెట్టాడో, ఏ మూటలో ఉందో. వెతికి వెతికి విసుగెత్తి, పిడుగు రంగుల డబ్బాలోంచి ఎర్ర క్రేయాను తీసుకున్నాడు. పిడుగు ఒప్పుకోలేదు. ఏడుపు లంకించుకోబోయింది. ఇక ఇదొకటి అనుకుని, క్రేయాను పుటుక్కున రెండు ముక్కలు చేసి ఒకటి దాని చేతిలో పెట్టాడు.

"ఇదిగో, నువ్వూ గీసుకో. నన్ను మాత్రం పని చేసుకోనీ."

గోడలకు ఎలాగూ కొత్త రంగులు వేయిస్తారు కనుక, దాన్ని ఎక్కడైనా గీసుకోనిస్తున్నారు. హాలు గోడలన్నీ అప్పటికే నడుం కింది వరకూ గీతలూ సున్నాలూ పిల్లులూనూ. ఇంకో గీత పడితే కొత్తగా పోయేదేం లేదు.

అతను టేపు పట్టి, పెదాలు బిగించి, ఛాతీ ఎత్తులో ఇంటూ తర్వాత ఇంటూ పెట్టుకుంటూ పోతుంటే, పిడుగు వెనకాలే తిరిగింది. నిన్నటి నుంచి మూగనోము పట్టిన పిల్ల అప్పటికి నోరు విప్పింది.

"నాన్నా, ఇంటూ ఎందుకు పెడుతున్నావ్?"

"ఇంటూ పెట్టిన చోట మేస్త్రి వచ్చి స్విచ్చు పెడతాడు."

"నొక్కితే లైటొస్తుందా?"

"స్విచ్చు నొక్కితే లైటు రాక నీళ్ళొస్తాయా?"

"ఎక్కడ పెడితే అక్కడొస్తుందా?"

"ఆ, ఆ. అడ్డు లే తల్లీ, టేపు తొక్కుతున్నావు."

పిడుగు అడ్డు లేచింది. అంతలో తాపీ మేస్త్రి ఫోను చేశాడు. తెప్పించిన టైల్సులో సగం ఒక రంగు, సగం ఇంకో రంగట. పక్కపక్కన పెడితే గానీ తేడా తెలియదని అతని వాదన, ఎలాగూ పక్కపక్కనే కదా పెట్టేది అని ఈయన వాదన. కళ్ళజోళ్ళాయన బాల్కనీలోకి వెళ్ళి ఆ పోట్లాట ముగించేసరికి మధ్యాహ్నమైంది. తిరిగొచ్చి చూస్తే పిడుగు బుద్ధిగా ఒక మూల కూర్చుని, అరిగిపోయిన ఎర్ర ముక్కను డబ్బాలో పెట్టుకుంటోంది. పాపం ఇవాళ ఏ పేచీ పెట్టలేదని మెచ్చుకున్నాడు కూడా.

సోమవారం తెల్లవారి చూస్తే పరుపు మళ్ళీ తడి. ఆరేస్తానన్న మాట పిల్లకు గుర్తుందో ఏమో, తనకంటే ముందే లేచి, తడిసిన గౌనుతోనే బాల్కనీ తలుపు దగ్గర నిలబడి ఉంది. అతనికి షాపు తెరిచే వేళయింది. అరవడానికి కూడా తీరిక లేక పిల్లకు స్నానం చేయించి, బడి బ్యాగు తగిలించి, పళ్ళు కొరుక్కుంటూ తలుపు వేసుకుపోయాడు. గోడల మీద తను పెట్టిన ఇంటూల వైపు తల ఎత్తి ఒకసారి చూసుకున్నాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కిందికి చూసే పని అతనికి లేదు.

ఆ రోజు షాపులో ఎంత హాయిగా గడిచిందో! ఫోనును సైలెంటులో పెట్టి సొరుగులో పడేశాడు. వచ్చినవాళ్ళ చూపు తీరుబడిగా తేల్చాడు. మనిషికి సరైన పద్ధతి చెబితే పని అదే జరుగుతుంది, చెప్పడం రాకే లోకం ఇలా తగలడిందని ఒక బ్యాంకు గుమాస్తాకు ఉపన్యాసం కూడా ఇచ్చాడు. టీ వేళకు సొరుగు తెరిచేసరికి ఫోనులో కరెంటు మేస్త్రి పేరు బారులు తీరి ఉంది. ఆ పైన భార్య పేరు.

ఆమెకే ఫోను చేశాడు.

"ఏమైంది?"

"ఒకసారి ఇంటికి రండి."

"ఏమైందో చెప్పు ముందు."

"మీరొచ్చి చూడండి. నేను చెప్తే బాగోదు."

షాపు షట్టరు సగానికి దించి పరుగున వచ్చాడు. హాలు నిండా మంచులా దుమ్ము. అతని ఇంటూలున్న చోటల్లా చతురస్రంగా, నున్నగా, అచ్చు అతను కోరినట్టు గోడ తవ్వి ఉంది. ఒక్కటీ గీత దాటలేదు. అతని మొహం విచ్చుకోబోయి ఆగిపోయింది. కింద, మోకాలికి జానెడు పైన, ఇంకో వరుస గుంతలున్నాయి.

కరెంటు మేస్త్రి తల మీది గుడ్డ విప్పి దులుపుకుంటూ లేచాడు.

"అయిపోయినట్టే సార్."

"ఏంటయ్యా ఇది?"

"మీ మార్కింగే సార్."

"ఇక్కడ బోర్డు పెట్టమని ఎవడు చెప్పాడు నీకు?"

"ఇంటూ ఉంది సార్. కొట్టా."

"మోకాళ్ళ దగ్గర బోర్డేంటయ్యా? బుర్ర ఉందా నీకసలు?"

"ఉంది సార్. మీరే వాడొద్దన్నారు."

భార్య చటుక్కున మొహం అటు తిప్పుకుంది. నవ్వాపుకోవడానికో, ఏడుపాపుకోవడానికో అతనికి తెలియలేదు.

"అనుమానమొస్తే ఫోను చేసి అడగవా?"

"చేశా సార్, మీరెత్తలేదు. అసలు చెయ్యొద్దన్నారు కదా, చేసినందుకు ఏమంటారో అని అదొక భయం. పెద్ద పెద్ద హోటళ్ళలో రాత్రిపూట వెలగడానికి కింద చిన్న లైట్లు పెడతారు కదా సార్, మీరూ అలాంటివేవో ప్లాన్ చేశారనుకున్నా. మంచి ఐడియానే అనుకున్నా." అతను కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "కానీ ఆ చెప్పుల బీరువాకెందుకో అర్థం కాలేదు సార్."

"చెప్పుల బీరువానా?"

బీరువా పక్కచెక్కకు చతురస్రంగా కిటికీ తెరిచి ఉంది. దాంట్లోంచి అతని బూటు ఒకటి బయటికి చూస్తోంది.

కళ్ళజోళ్ళాయనకు నెత్తురు తలకెక్కింది. ఇన్ని నెలల దుమ్ము, ఇన్ని నెలల అయిపోయినట్టే, సగం రంగు టైల్సు, అట్టకట్టిన పరుపు, అన్నీ కలిసి ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. ఇల్లంతా అడుగడుగునా గుంతలు. మళ్ళీ పూడ్చాలి, మళ్ళీ ఆరాలి, ఆ తాపీ మేస్త్రిని మళ్ళీ బతిమాలాలి.

"పిడుగూ! ఇలా రా!"

పిడుగు తల్లి వెనక నుంచి రాలేదు. తల్లి డ్రెస్సు అంచును రెండు గుప్పిళ్ళతో పట్టుకుంది.

"నేను నీ ఇంటూలు చెరపలేదు నాన్నా," అంది సన్నగా. "ఖాళీ గోడ మీదే పెట్టాను."

"ఎవరు పెట్టమన్నారు నిన్ను? ఆఁ? ఎవరు పెట్టమన్నారు?"

"ముందు ఆ అరుపు ఆపండి," అంది భార్య. "క్రేయాను ఎవరిచ్చారు దానికి?"

అది చెప్పడం ఇష్టం లేక అతను మేస్త్రి చేతిలో టేపు లాక్కుని, ఎంత గోడ పూడ్చాలో కొలుద్దామని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కోపంలో ఉన్న మనిషికి కొలత ఒక ఊరట.

మొదటి గుంత హాల్లో, పరుపు పక్కన ఉంది. పరుపుకు అటువైపు అతను పడుకుంటాడు, ఇటువైపు పిడుగు. గుంత సరిగ్గా పిడుగు తలగడ దగ్గర. దాన్ని కొలిచి రెండోదాని కోసం తల తిప్పాడు. అది హాలు చివర, నడవాలోకి తిరిగే చోట. మోకాళ్ళ మీదే అక్కడికి వెళ్ళాడు. అక్కడ నుంచి మూడోది కనిపించింది, చెప్పుల బీరువా. ఆ మలుపులో గోడకు అడ్డంగా బీరువా ఉంది. గోడ అందక బీరువా మీదే పెట్టింది. పిల్ల అల్లరిగా గీసి ఉంటే గోడ దొరకని చోట వదిలేసేది. ఇది వదల్లేదు.

అతను కొలవడం మానేశాడు. నెమ్మదిగా పాకుతూ ముందుకు వెళ్ళాడు. వంటింటి గుమ్మం పక్కన ఒకటి. అటు తర్వాత నడవా సన్నగా, పగలే చీకటిగా ఉంటుంది. అక్కడ ఒకటి. చివరిది వెనక బాత్రూం తలుపు పక్కన. ఆ తర్వాత ఇంటూలు లేవు. ఆ పక్క గోడ ఎంతో ఖాళీగా ఉంది, కానీ లేవు.

పక్క దగ్గర మొదలై బాత్రూం దగ్గర ఆగిన వరుస. ఒక్కో దాని దగ్గర నిలబడి చూస్తే తర్వాతది కనిపించేంత దూరం.

అతను అలాగే మోకాళ్ళ మీద ఉండి తలెత్తాడు. నడవా లైటు స్విచ్చు బోర్డు పైన ఎక్కడో ఉంది. రోజూ చూసే బోర్డే. కింది నుంచి ఎప్పుడూ చూడలేదు. ఆ ఎత్తు నుంచి చూస్తే అది అటక మీద ఉన్నట్టుంది.

"స్టూలేది?" అన్నాడు.

"ఏ స్టూలు?" అంది భార్య.

"దాని నీలం స్టూలు."

స్టూలు బాల్కనీలో, ఇసుక గుట్ట వెనక దొరికింది. ఒక కాలు విరిగి, నెత్తిన గడ్డకట్టిన సిమెంటుతో. అతను దాన్ని ఎత్తి ఆ సిమెంటును గోరుతో గీకాడు. లైటు వేసుకుని వెళ్ళిరా. ఎన్ని రాత్రిళ్ళు చెప్పాడు ఆ మాట! పిల్ల వెళ్ళలేదని అలిగాడు, బద్ధకమన్నాడు, ఆరేస్తానన్నాడు. అది చీకట్లో ఆ నడవా మొదట్లో నిలబడి, అందని స్విచ్చు వైపు చూసి, మళ్ళీ వచ్చి అతని పక్కన పడుకుని ఉంటుంది. అతన్ని రెండోసారి లేపడానికి భయపడి ఉంటుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కోపమొస్తే అరవడానికి ఇంటి నిండా మేస్త్రులున్నారు. సిగ్గేస్తే ఎవరి మీద అరవాలో తెలియలేదు.

భార్య ఆ గుంతల వరుస వెంట బాత్రూం దాకా నడిచి వెళ్ళి వచ్చింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. తిరిగొచ్చి గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

"దీని గురించి నేను డాక్టరును కూడా అడిగానండీ," అంది. ఇంకేమైనా అని ఉంటే అతనికి నయంగా ఉండేది.

కరెంటు మేస్త్రి మాత్రం వాళ్ళిద్దరినీ చూసి కంగారుపడ్డాడు.

"ఇవి పూడ్చెయ్యడం పెద్ద పని కాదు సార్. కాస్త సిమెంటు కలిపి మెత్తితే అయిపోయినట్టే. బీరువాకు చిన్న చెక్క ముక్క..."

"పూడ్చొద్దు."

"సార్?"

"స్విచ్చులు పెట్టు. అన్నింటికీ. నువ్వన్నావే, ఆ చిన్న లైట్లు, అవి కూడా."

"బీరువాకు కూడానా సార్?"

"బీరువాకు కూడా."

"అలాగే సార్. వైరు లాగాలి, సామాను తేవాలి. వారంలో అయిపోయినట్టే."

"అయిపోయినట్టే కాదు!" అరిచాడు కళ్ళజోళ్ళాయన. పిడుగు ఉలిక్కిపడింది. అతను గొంతు తగ్గించాడు, కష్టపడి తగ్గించాడు. "ఇవాళ అవ్వాలి. నడవా లైటుదొక్కటన్నా. ఆ రెండోది, హాలు మలుపు దగ్గరది. పై బోర్డు నుంచి వైరు కిందికి లాగు, ఊగులాడినా ఫర్వాలేదు, తర్వాత సరిచేద్దువు. అది వెలిగేదాకా నువ్వూ కదలొద్దు, నేనూ కదలను."

అన్నట్టే అక్కడే చతికిలబడ్డాడు. మేస్త్రి పైపు కోస్తే పైపు పట్టుకున్నాడు, స్క్రూ కింద పడితే దుమ్ములో వెతికి ఇచ్చాడు. మధ్యలో మేస్త్రి స్విచ్చు నొక్కుడు పైకా కిందికా అని అడిగాడు. అతను నోరు తెరిచి, మూసి, "దాన్ని అడుగు," అన్నాడు.

మేస్త్రి అలవాటుగా తల గోక్కుని, పిడుగు వైపు వంగాడు.

"ఏమ్మా మేడం, పైకి నొక్కుతారా, కిందికి నొక్కుతారా?"

పిడుగు తల్లిని వదిలి వచ్చింది. మేస్త్రిని చూసింది, నాన్నను చూసింది. ఎవరూ తిట్టేలా లేరని తేల్చుకున్నాక గోడ మీద చెయ్యి పెట్టి చూసుకుంది.

"కిందికి," అంది.

స్విచ్చు బిగించేసరికి కిటికీలో ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. పెట్టె చుట్టూ గోడ పెచ్చులూడి ఉంది, పైనుంచి దిగిన వైరు తీగలా వేలాడుతోంది. కొలత ప్రకారం చూస్తే అంత వికారమైన పని ఆ ఇంట్లో ఇంకోటి లేదు. కళ్ళజోళ్ళాయన పక్కకు జరిగాడు.

పిడుగు ముందుకు వచ్చి నొక్కింది. నడవాలో లైటు వెలిగింది. ఆర్పింది. మళ్ళీ వేసింది. వెలుగులో నడవా చివరి దాకా, బాత్రూం తలుపు దాకా ఒకసారి చూసింది. ఏదో పని పూర్తిచేసిన మనిషిలా చేతులు గౌనుకు తుడుచుకుని, కింద కూర్చున్న తండ్రి దగ్గరికి వచ్చింది. అతని తల మీది సిమెంటు దుమ్మును అరచేత్తో దులిపింది.

"ఇంక నువ్వు పడుకో నాన్నా," అంది. "నేను లేపనులే."